చౌడమ్మగారి చెవుడు

మా గురువు సాంబలింగం గారికి ఒక అలవాటుంది. ఎదుటివాడు అడగబోయేది ముందే తెలిసినా సరే, అది వాడి నోటి నుంచి పూర్తిగా వచ్చేదాకా ఆయన జవాబు చెప్పరు. వాడు మధ్యలో ఆగితే ఆయనా ఆగుతారు. పక్కనున్న మేము జాలిపడి మాట అందించబోతే చెయ్యెత్తి వారిస్తారు. ఆయన వృత్తి నేత. ఈ ప్రశ్నలూ జవాబులూ అన్నీ మగ్గం దగ్గరే జరుగుతాయి. అడిగేవాడు నీళ్లు నములుతున్నంతసేపూ ఆయన చేతికి పని ఉంటుంది, ఊపిరాడనిది మాకే.

పట్టాభికి ఈ అలవాటంటే ఒళ్లుమంట. అతను రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా, మంచివాడు, కాకపోతే కోపం ముక్కు మీదే ఉంటుంది. తండ్రితో మాట పట్టింపు వచ్చి ఆరు నెలలైంది. ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరూ ఒకరి ఎదుట ఒకరు పడకుండా తిరుగుతున్నారు. ఈ సంగతి మా పేటలో తెలియనివాళ్లు లేరు. దాని గురించే గురువుగారిని అడగాలని నాలుగు గురువారాలు వరసగా వచ్చాడు. "గురువుగారూ, మా ఇంట్లో..." అని మొదలుపెట్టడం, అక్కడే ఆపేయడం, గురువుగారి భార్య సుగుణమ్మగారు ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోవడం. ఐదో గురువారం మాత్రం రావడమే కోపంతో వచ్చాడు.

"నా మనసులో ఏముందో మీకు తెలుసు. తెలిసి కూడా నా చేత ఎందుకు చెప్పించాలని చూస్తారు? దయ ఉన్నవాళ్లు అడక్కముందే ఇస్తారు కదండీ," అన్నాడు.

గురువుగారు మగ్గం మీద అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపారు. "మా అమ్మ కూడా అలాగే అనుకునేది," అన్నారు. ఆ తర్వాత ఆయన చెప్పినదాన్ని నా మాటల్లో రాస్తున్నాను. తప్పులుంటే నావి.

గురువుగారి కూతురు భ్రమర అంగిట్లో చీలికతో పుట్టింది. పెదవులు చక్కగానే ఉన్నాయి కాబట్టి మొదట ఎవరికీ తెలియలేదు. పాలు పడితే ముక్కులోంచి వచ్చాయి. చూడొచ్చినవాళ్లు గ్రహణం మొర్రి అన్నారు, కడుపుతో ఉండగా గ్రహణం నాడు తల్లి కుదురుగా ఉండి ఉండదన్నారు. ఆ తల్లి సుగుణమ్మగారు, పచ్చి బాలింత, గోడవైపు తిరిగి పడుకుంది. డాక్టరు మాత్రం, ఇది ఎవరి తప్పూ కాదు, పిల్ల బరువు పెరిగితే ఏడాది నాటికి కుట్టేస్తానన్నాడు. ఆ పెరగడమే కష్టం. గురువుగారి తల్లి చౌడమ్మగారు అటక మీది ఉగ్గుగిన్నె దింపి తోమింది. పిల్లను ఒళ్లో నిలువుగా కూర్చోబెట్టుకుని చుక్క చుక్కగా పాలు పోసేది. పూటకి గంట పట్టేది. రెప్ప ముడిచిందంటే ఆపాలి, మెడ సడలిందంటే మళ్లీ పోయాలి. చూపు తిప్పితే పిల్లకి పొరబోతుంది. అలా పదమూడు నెలలు కళ్లలో వత్తులు వేసుకుని పెంచి ఆపరేషనుకి పంపింది. చీలిక మూసుకుంది.

కుట్లు మానాయి గాని మాట కుదరలేదు. నాలుగేళ్లు దాటినా గాలంతా ముక్కులోంచే పోయేది. "నాయనమ్మ" అని మాత్రం మొదటి నుంచీ స్పష్టంగా పిలిచేది, తక్కినదంతా బయటివాళ్లకి మూలుగులా వినబడేది. చౌడమ్మగారికి ఆ చిక్కు లేదు. ఉగ్గుగిన్నె పట్టిన కళ్లు కదా, పిల్ల తల తిప్పితే మంచినీళ్లనీ, బొటనవేలు నేలకి రాస్తే పెరట్లోకి వెళ్లాలనీ ఆవిడకి తెలిసిపోయేది. నోరు తెరిచేలోపే అందించేది. "నా మనవరాలికి మాటెందుకు, నేను లేనూ," అని పేటంతా గొప్పగా చెప్పుకునేది.

జూన్‌లో బళ్లో వేశారు. మొదటి రోజు మధ్యాహ్నానికే పిల్ల తడిసిన గౌనుతో ఇంటికొచ్చింది. బయటికి వెళ్లాలని మూడుసార్లు అడిగిందట, టీచరుకి అర్థం కాలేదు, పిల్లలు నవ్వారు. ఆనాటి నుంచి భ్రమర గడప దాటితే నోరు విప్పలేదు. బడివాళ్లు వచ్చే ఏడు చూద్దామన్నారు. వచ్చే ఏడు కూడా ఇంతే అయితే ఆ పిల్ల బతుకంతా ఆ నాలుగు గోడల మధ్యే. ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గాని అందరికీ అదే భయం.

గుంటూరు ఆసుపత్రిలో మాటలు నేర్పే టీచరమ్మ ఉందని తెలిసి తీసుకెళ్లారు. ఆవిడ పిల్లకి అద్దం చూపిస్తూ నాలుక ఎక్కడ ఆనించాలో, గాలి ఎటు వదలాలో నేర్పించింది. లేచేముందు, "ఇంట్లో ఈ పాప మాట బాగా అర్థమయ్యేది ఎవరికండీ?" అని అడిగింది.

"నాకే," అంది చౌడమ్మగారు. "నోరు తెరవక్కర్లేదు, నాకు తెలిసిపోద్ది."

"మీరు లేనిచోట ఎవరికి తెలియాలమ్మా?"

మర్నాడు పొద్దున్నే చౌడమ్మగారు కొడుకునీ కోడలినీ పెరట్లోకి పిలిచి ఒక మాట చెప్పింది, బయట పొక్కితే ఊరుకోనంది. తర్వాత లోపలికొచ్చి మనవరాలిని ఎదురుగా నిలబెట్టుకుంది. "నాకు చెవులు పోయినయ్యే తల్లీ. ఏం వినబడట్లా. నీ నోరు చూసి తెలుసుకుంటా, నెమ్మదిగా చెప్పు."

పిల్ల ఎప్పటిలా తల తిప్పింది. చౌడమ్మగారు చూడనట్టే ఉంది. పిల్ల ఏడ్చింది, బుట్టలోని నూలు కండెలన్నీ తీసి విసిరేసింది, ఒక పూట అన్నం మానేసింది. సుగుణమ్మగారు తట్టుకోలేకపోయింది. "పసిదాన్ని ఇట్లా ఏడిపించడం ఏంటత్తయ్యా?" అంది.

"ఏడవనియ్యి. ఇక్కడ ఏడిస్తే నా ఒడి ఉంది. బళ్లో ఏడిస్తే ఎవరి ఒడి ఉంది?"

ఆ ముసలావిడ పట్టుదల ఏమని చెప్పను. పిల్ల ముందు ఒకలా, ఊళ్లో ఒకలా ఉంటే బయటపడుతుందని అందరికీ చెవిటిదైపోయింది. సాయంత్రం అరుగు మీద కబుర్లు లేకపోతే ముద్ద దిగని మనిషి, కబుర్లు మానుకుంది. రేడియో అంటే ప్రాణం. అది ఎదురుగా మోగుతుంటే ముఖం కదల్చకుండా బియ్యం ఏరుకునేది. చుట్టాలొచ్చి చెవిలో అరిస్తే "ఆఁ?" అనేది. భ్రమర అద్దం ముందు కూర్చునేది రోజుకి పది నిమిషాలైతే, నాయనమ్మ ముందు నిలబడేది పగలంతా. ఒక్క మంచినీళ్ల కోసం ఇరవైసార్లు చెప్పిన రోజులున్నాయి. ఇరవయ్యోసారికి చౌడమ్మగారు గ్లాసు అందించేది, అంతకుముందు కాదు. రెండు వారాలకోసారి గుంటూరు బస్సు ఎక్కేవాళ్లు. ఎండా వానా చూడలేదు.

పది నెలలు గడిచాయి. చైత్రమాసంలో ఒక ఉదయం వీధి పొడుగునా నేతకి నిలువు పోగులు, అదే పడుగు, చాపారు. మా పేటలో ఒక ఇంటివాళ్లు పడుగు చాపితే వీధంతా వచ్చి చెయ్యి వేయడం మామూలు. ఒకళ్లు గంజి పెడతారు, ఒకళ్లు తెగిన పోగులు అతుకుతారు. గురువుగారు ఒక కొసన ఉన్నారు, చౌడమ్మగారు నడుమ ఉంది. ఎదురింటి రత్తాలు ఆవిడ పక్కనే నిలబడి, చెవిటిదే కదా అన్న ధైర్యంతో, పక్కవాళ్లతో మామూలు గొంతుతోనే అంది: "గ్రహణం నాడు కోడలి చేత కూరలు తరిగించింది ఈ ముసల్దే అయ్యుంటది. పిల్లకి నోరు పోయింది, ఇప్పుడు దీనికి చెవులు పోయినయ్యి. చేసిన పాపం ఊరికే పోద్దా?"

చౌడమ్మగారి నోరు ఎలాంటిదో పేటకి తెలుసు. మామూలుగా అయితే ఆ పూట రత్తాలు వీధిలో ఉండేది కాదు. కాని భ్రమర అక్కడే, నాయనమ్మ కొంగు పట్టుకుని ఉంది. జవాబిస్తే పది నెలల పని గంగలో కలుస్తుంది. గురువుగారు ఆ కొస నుంచి తల్లినే చూస్తున్నారు. ఆవిడ చేతిలో ఒక పోగు తెగింది. వంగి దాన్ని అతుకుతూ ఉండిపోయింది.

అప్పుడు భ్రమర కొంగు లాగింది. పది నెలలుగా వీధిలో పెదవి కదపని పిల్ల, నాయనమ్మకి నోరు కనబడేలా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాయనమ్మా, రత్తాలత్త ఏదో అంది. నీకు వినబడలేదు కదా. నేను చెప్తా."

చెప్పింది. ఒక్క మాట వదలకుండా, గట్టిగా, ఒక్కొక్క మాటే పేర్చి చెప్పింది. గ్రహణం, కోడలు, కూరలు, తరిగించింది, పాపం. గుంటూరు టీచరమ్మ పది నెలలుగా అద్దం ముందు పోరాడుతున్న అక్షరాలన్నీ ఆ తిట్టులోనే ఉన్నాయి. ఒకటీ అరా ఇంకా ముక్కులోంచి వచ్చాయి గాని, వీధిలో అర్థం కానివాళ్లు లేరు. రత్తాలు చేయి గంజిలోనే ఉండిపోయింది. చివర్న పిల్ల రత్తాలు వైపు తిరిగి, "గ్రహణం వల్ల కాదత్తా. ఎవరి తప్పూ కాదని డాక్టరు చెప్పాడు," అని తన మాట కూడా కలిపింది.

చౌడమ్మగారి కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు.

"సరిగ్గా తెలియలేదే తల్లీ," అంది. "ఇంకోసారి చెప్పు."

ఆ తిట్టు ఆవిడ మూడుసార్లు చెప్పించుకుంది. ఆ జూన్‌లో భ్రమర బడికి వెళ్లి, పొడి గౌనుతో ఇంటికొచ్చింది.

గురువుగారు చెప్పడం ఆపి తెగిన పోగేదో వెతుక్కుంటున్నారు. పట్టాభి కోపం ఎప్పుడో దిగిపోయింది. "నాయనమ్మకి వినబడుతుందని పాపకి ఎప్పటికీ తెలియలేదాండీ?" అని అడిగాడు.

"అది పెద్దయ్యాక నేనూ ఇదే అడిగా. పాలు పొంగే చప్పుడుకి నాయనమ్మ లేచి వెళ్లేది కదా నాన్నా, నాకు మొదట్లోనే తెలిసిపోయింది, అంది."

"తెలిసి కూడా..."

"తెలిసి కూడా."

పట్టాభి మగ్గం దగ్గరికి జరిగాడు. తర్వాత, "గురువుగారూ, మా నాన్న..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. నేను ఉండబట్టలేక నోరు తెరవబోయాను. గురువుగారు నావైపు చూడకుండానే ఒక చెయ్యెత్తి వారించి, రెండో చెయ్యి చెవి వెనక పెట్టుకున్నారు.

"కాస్త గట్టిగా చెప్పు నాయనా. మా అమ్మ చెవుడు నాకూ వచ్చింది."