మిల్లుపేట పార్కులో మాటల స్తంభం

మిల్లుపేట కాలనీ పార్కులో, నీళ్ళ ట్యాంకు పక్కన, నాలుగు టేకు స్తంభాల మీద ఒక కొయ్య మండపం ఉన్నది. అందులో ఒక్క ఇనుప మేకు లేదు. ఆగ్నేయ మూల స్తంభానికి మాత్రం పసుపు ఎందుకు పూశారని వచ్చినవారు అడుగుతారు. తెలియనివారు తలో కథ చెబుతున్నందున, జరిగినది జరిగినట్టు ఇక్కడ వ్రాయించడమైనది.

పూర్వం ఇక్కడ తుమ్మ కంప తప్ప ఏమీ లేదు. పూర్వమంటే పదకొండేళ్ళ కిందట. కాలనీవారంతా తలో చెయ్యి వేసి మండపం లేపాలనుకున్నారు. సంఘం అధ్యక్షుడు పిల్లా గవర్రాజు పెద్ద వడ్రంగి కమ్మోజు వీరాచారిని పిలవలేదు. ఎలా పిలుస్తాడు? తన గృహప్రవేశం నాడు, పదిమందిలో, వీరాచారి చేసిన తలుపు ముసురుకు బిగుసుకుంటోందని అన్నవాడాయె. నిజమైన టేకు ముసురుకు బిగుసుకోక ఏం చేస్తుంది? ఆనాడే వీరాచారి, గవర్రాజుతో మాట్లాడితే తన ఉలి మొండిదైపోవాలని ఒట్టు పెట్టుకున్నాడు. మండపం లేపేనాటికి తొమ్మిదేళ్ళయినా తప్పలేదు.

స్తంభాలు లేపే రోజున ఆయన కంచె అవతల నిలబడి చూస్తున్నాడు. మూడు లేచాయి. నాలుగోదాన్ని, ఆగ్నేయ మూలదాన్ని, తలకిందులుగా పట్టుకొచ్చారు. చెట్టు మొదలు ఆకాశానికి, చివర నేలకు! అలా నిలిపిన కొయ్య కింద ఎవరికీ మేలు జరగదు. చెబితే ఒట్టు పోతుంది, చెప్పకపోతే కాలనీ పోతుంది.

వీరాచారి కంచె దాటి తిన్నగా స్తంభం దగ్గరకు వెళ్ళాడు.

"ఏమమ్మా, నీ తల మట్టిలో పాతుతున్నారు. నోరు లేనిదానివనే గదా."

గవర్రాజు కూడా స్తంభం వైపే తిరిగాడు. "ఏది తలో ఏది కాలో ఆయనకెలా తెలిసిందో అడుగు తల్లీ."

"మోసేవాళ్ళ నడుములు చూడమను. పైకి లేపే కొసన నలుగురు మూలుగుతున్నారు. కింది కొసన ఒక్కడు ఈల వేస్తున్నాడు. బరువెటుంటే మొదలటు."

పనివారు తాళ్ళు పట్టుకుని నిలబడిపోయారు. "ఎవరి మాట వినాలండీ?" అన్నారు.

"స్తంభం మాట వినండి," అన్నది బడి పంతులమ్మ సుభద్ర.

తిప్పారు. లేపారు. దూలం కూర్చుంది. గవర్రాజు చాలాసేపు స్తంభాన్ని నిమిరి, "ఆ తలుపు ఎండాకాలం బాగానే పడుతోందని చెప్పమ్మా," అన్నాడు.

"అంచున ఒక నూలు మందం తీస్తే వానాకాలమూ పడుతుంది. రేపు చిత్రిక పట్టుకుని వస్తానని చెప్పు."

వెళ్ళాడు. పనంతా తలుపుతో మాట్లాడుతూనే చేశాడు. ఉలి ఈనాటికీ పదునుగానే ఉన్నది.

అప్పటినుండి ఒకరితో ఒకరికి మాటలు పోయిన అన్నదమ్ములు, వియ్యపురాళ్ళు, భార్యాభర్తలు ఇక్కడికి వచ్చి, ఆ స్తంభానికి పసుపు పూసి, చెరొక వైపు కూర్చుని, చెప్పవలసినది దానికి చెప్పుకుంటారు. మంగళవారం వరుసలో నిలబడవలసి వస్తుంది. నమ్మి చెప్పుకున్నవారి సంసారాలు చల్లగా ఉన్నాయి. తొందరపడి ముఖాముఖి మాట్లాడుకునేవారికి స్తంభం పూచీ లేదు.