ఒళ్ళో కూర్చుని వెళ్ళిన అచ్చు

అనగనగనగా, సముద్రానికి కూతవేటు దూరంలో ఒక ఊరుండేదట. ఆ ఊళ్ళో ఎన్ని ఇళ్ళుంటే అన్ని మగ్గాలు. తెల్లారితే చాలు, వీధి వీధంతా టకటకా టకటకా. ఊఁ కొట్టు మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే నేను ఆపేస్తాను. నాకేం, నాకూ నిద్రొస్తోంది.

ఆ ఊళ్ళో మార్కండేయులని ఒక నేతగాడు. ఆయన భార్య భద్రమ్మ. ఆయన నేస్తుంటే ఆవిడ నూలు కండెలు చుట్టేది. ఆవిడ నేస్తుంటే ఆయన పక్కన కూర్చుని వంకలు పెట్టేవాడు. కాపురం అలా సాగిపోతోంది.

అప్పుడేమైందీ, సముద్రం మెల్లమెల్లగా ఊరి వైపు జరిగింది. ముందు దొడ్లో బచ్చలి తీగ ఎండిపోయింది. ఆ తర్వాత బావిలో నీళ్ళు ఉప్పనయ్యాయి. ఆ తర్వాత గంజి చెడింది. నూలుకి గంజి పెట్టాలి కదా, లేకపోతే పోగు నిలవదు. ఉప్పునీళ్ళ గంజి పెడితే పోగులు పుటుక్కు పుటుక్కుమని తెగిపోయేవి. ఇంక నేసేదేముంది? ఒక్కొక్కరే మూటాముల్లే సర్దుకుని వెళ్ళిపోయారు. చివరికి వీళ్ళిద్దరే మిగిలారు.

అప్పుడు కొండల అవతలి ఊరి నుంచి ఆనందయ్య అనే పెద్ద నేతగాడు కబురు పెట్టాడు. "మా పాకలో ఒక మగ్గం గుంట ఖాళీ అయింది. ఇక్కడ మంచినీళ్ళకి కొదవ లేదు. కానీ ఆ గుంట కోసం ఇంకో నాలుగు కుటుంబాలు కాచుకుని ఉన్నాయి. పౌర్ణమి నాడు దీపాలు పెట్టేవేళకి మీ మగ్గం ఆడాలి. ఆడకపోతే గుంట వాళ్ళకిస్తాను. ఆ తర్వాత నన్నేమీ అనుకోవద్దు" అన్నాడు.

గుంటంటే ఏంటనా? నేతగాడు కాళ్ళు కిందికి వేసుకుని కూర్చునే గొయ్యి. గుంట లేకపోతే మగ్గం లేదు. మగ్గం లేకపోతే కూడు లేదు. పౌర్ణమి ఇంక అయిదు రోజులే ఉంది.

ఎలా వెళ్ళడం? పక్క ఊళ్ళో మీరాసాహెబు అని ఒకాయనకి కారుండేది. పెళ్ళికొడుకుల్ని మోసి మోసి అది ముసలిదైపోయింది. దాన్ని కొండల అవతల సంతలో అమ్మేసి రైల్లో తిరిగొద్దామని ఆయన బయల్దేరుతున్నాడు. "వెళ్ళేది ఒక్కసారే. పట్టినంత పెట్టుకోండి. పట్టనిది మర్చిపోండి" అన్నాడు.

మార్కండేయులు సర్దడం మొదలెట్టాడు. తాతలనాటి ఇత్తడి గంగాళం డిక్కీలో పట్టలేదు. వెనక సీట్లో కూర్చోబెట్టాడు, అదేదో పెద్దమనిషైనట్టు. మగ్గం కర్రలన్నీ ఊడదీసి కారు నెత్తిన కట్టాడు. అవి టేకు కర్రలు. వాళ్ళ తాత చేతులు పడి పడి అద్దంలా నున్నబడ్డాయి.

"ఆఖరి చీర ఏం చేశావయ్యా?" అని భద్రమ్మ అడిగింది. ఆ ఊళ్ళో చివరిసారి నేసిన చీర అది.

"అమ్మేశాను" అన్నాడు మార్కండేయులు.

ఆ పొద్దున ఆయన నడుం నిన్నటికంటే కాస్త లావుగా ఉంది. భద్రమ్మ చూసింది. చూసి ఊరుకుంది.

ఆవిడ మాత్రం తీసుకున్నది ఒక్కటే. అచ్చు. అచ్చంటే సన్నటి వెదురు పళ్ళున్న పొడుగాటి దువ్వెన లాంటిది. ఒక్కో సందులోంచీ పోగులు వెళ్తాయి. నేసిన చీర మగ్గం మీంచి కోసేశాక కూడా నేతగాళ్ళు అచ్చుని బోడిగా వదలరు. జానెడేసి పోగులు దాంట్లోనే ఉంచేస్తారు. కొత్త నూలు రాగానే, ఆ పాత పోగు చివర ఈ కొత్త పోగుని అతుకుతారు. బోడి అచ్చులోకి మళ్ళీ మొదట్నించీ ఎక్కించాలంటే వారం పడుతుంది. కళ్ళు పోతాయి. అందుకని భద్రమ్మ ఆ పోగుల్ని పిడికెడేసి చొప్పున ముడులేసి, పాత పంచెలో చుట్టింది.

"కర్రలతోపాటు పైన కట్టేస్తాను, ఇలా తే" అన్నాడు మార్కండేయులు.

"ఎండకీ గాలికీ పోగులు పెళుసెక్కవూ? నా ఒళ్ళో కూర్చుంటుంది" అంది భద్రమ్మ.

సరే, కారు కదిలింది. ముందు సీట్లో మీరాసాహెబు, మార్కండేయులు. వెనక భద్రమ్మ, గంగాళం. ఇద్దరి మీదా అడ్డంగా అచ్చు. భద్రమ్మ ఊరి వైపు తిరిగి చూడలేదు. చూద్దామన్నా మెడ తిరిగే చోటు లేదు.

కొంతదూరం పోయాక ఇసుక బాట వచ్చింది. చక్రాలు సగానికి దిగిపోయాయి. మీరాసాహెబు తోశాడు, మార్కండేయులు తోశాడు. కారు ఊగింది గానీ కదల్లేదు. పొద్దు నడినెత్తికొచ్చింది.

"గంగాళం దించాలి" అన్నాడు మీరాసాహెబు.

బాట పక్కన ఒకావిడ చలివేంద్రం పెట్టుకుని ఉంది. పాపం, ఉన్నది రెండే కుండలు, అందులో ఒకటి కారుతోంది. మార్కండేయులు గంగాళం తీసుకెళ్ళి ఆవిడ పందిట్లో పెట్టాడు. "మా తాతది, చింతపండుతో తోముకో" అని చెప్పాడు. అంతలో ఇంకోటి గుర్తొచ్చి, మరీ గట్టిగా తోమొద్దన్నాడు. ఆవిడ తలూపింది. కారు ఇసుకలోంచి లేచింది.

ఆ తర్వాత కొండలొచ్చాయి. కనుమ దారి మొదటి మలుపులోనే కారు మూలిగింది. రెండో మలుపులో ఆగింది. మూడో మలుపులో వెనక్కి జారింది. మీరాసాహెబు దిగి చక్రం కింద రాయి పెట్టి, కారు నెత్తి వైపు చూశాడు. నోరు తెరిచి అడగక్కర్లేదు.

మార్కండేయులు తనే తాళ్ళు విప్పాడు. అక్కడొక టీ కొట్టతను పందిరి వేసుకుంటున్నాడు, గుంజల కోసం వెతుక్కుంటున్నాడు. తాత మగ్గం కర్రలు ఆ పందిరికి గుంజలైపోయాయి. మూడు టీలు ఊరికే ఇచ్చాడు ఆ కొట్టతను. మార్కండేయులు తాగలేదు. ఆయన టీ భద్రమ్మ తాగింది. చల్లారిపోతే ఎవరికి లాభం?

అప్పుడు మార్కండేయులు ముందు సీటు వదిలేసి వెనక్కొచ్చి కూర్చున్నాడు. గంగాళం చోటు ఖాళీగానే ఉందిగా. అచ్చు సగం ఆవిడ ఒళ్ళో, సగం ఆయన ఒళ్ళో.

మర్నాడు, కనుమ శిఖరం ఇంక కూతవేటు దూరం ఉందనగా, టప్పుమంది. కారు ముందు మూతలోంచి ఆవిరి లేచింది. ఇంజను ఫ్యానుని తిప్పే బెల్టు తెగిపోయింది. ముందు పది మైళ్ళలో ఊరు లేదు, వెనక పది మైళ్ళలో ఊరు లేదు. పౌర్ణమికి ఇంక మూడు రోజులు.

"గట్టి తాడు ఒకటి పేని బిగిస్తే ఊరు చేరుస్తుంది. కానీ ముడి ఉండకూడదు. ముడుంటే ఒక్క తిప్పుకే ఎగిరిపోతుంది" అన్నాడు మీరాసాహెబు.

మార్కండేయులు అచ్చు మీద పంచె విప్పాడు. జేబులోంచి కత్తెర తీశాడు. "గంజి పెట్టిన మంచి పోగులు. పేనితే ఇనుపతాడౌతుంది" అన్నాడు.

భద్రమ్మ అచ్చు మీద చెయ్యి పరిచింది. "ఇవి కోసేస్తే ఊరు చేరీ ఏం చేస్తాం? బోడి అచ్చు పెట్టుకుని వారం రోజులు దిక్కులు చూస్తామా?"

"చేరకపోతే మాత్రం ఏం చేస్తాం? కొండ మీద మేకలు కాస్తామా?"

"నీ నడుముకున్నది తియ్యి" అంది భద్రమ్మ.

చూశావా, ఆవిడకి మొదట్నించీ తెలుసు. నిన్నట్నించీ పక్కన కూర్చున్న మనిషి దగ్గర కొత్త చీర గంజి వాసన రాదూ?

మార్కండేయులు కత్తెర కింద పెట్టాడు. చొక్కా ఎత్తి, నడుముకి చుట్టుకున్న ఆఖరి చీర విప్పాడు. ఆకుపచ్చ చీర, నేరేడుపండు రంగు అంచు. ఇది ఒక్కటైనా ఉంటుందనుకున్నాను భద్రా అన్నాడు. ఆయనకి ఏడుపొచ్చింది, ఏడ్చాడు. మీరాసాహెబు అటు తిరిగి రేడియేటరులో నీళ్ళు చూసుకున్నాడు. భద్రమ్మకీ ఏడుపొచ్చింది గానీ, చేతిలో పనుంది.

ఆవిడ చీరని నిలువునా మూడు పేలికలు చింపింది. ఆయన ఒక కొస పట్టుకున్నాడు, ఆవిడ జడలా అల్లింది. కొసలు రెండూ పోగులు పోగులుగా విప్పి, దీనిలోకి అది, దానిలోకి ఇది మెలిపెట్టి, పైన ఆ చీర పోగే చుట్టింది.

"ముడి లేకుండా వచ్చిందా చెల్లెమ్మా?" అన్నాడు మీరాసాహెబు.

"అతకడం మాకు చెబుతున్నావా అన్నా?" అంది భద్రమ్మ.

బెల్టు నిలిచింది. కొండ ఎక్కింది, కొండ దిగింది, ఆ సాయంత్రానికి వాళ్ళని ఆనందయ్య పాక ముందు దింపింది. అప్పుడు తెగింది. ఎంత మర్యాదో చూడు దానికి.

ఆనందయ్య బయటికొచ్చి కారు లోపల చూశాడు, కారు పైన చూశాడు. "మగ్గమేదయ్యా?" అన్నాడు.

మార్కండేయులు తల దించుకున్నాడు. భద్రమ్మ మాత్రం అచ్చు తీసుకెళ్ళి అరుగు మీద పెట్టి, పంచె విప్పింది. ఆనందయ్య వంగి చూశాడు. పిడికెడు పిడికెడు ముడులు, ఒక్క పోగూ తెగలేదు. ఎంత దూరం నుంచి తెచ్చావమ్మాయ్ అని అడిగాడు. రెండు రోజుల దూరం అంది.

"కర్రలకేముంది, మా అటక మీద ఉన్నాయి, తీసుకోండి. నూలూ ఇస్తాను. కానీ పౌర్ణమి పౌర్ణమే. మాట మారదు" అన్నాడాయన.

మొదటి రోజు గుంటలో కర్రలు నిలబెట్టారు. రెండో రోజు అతకడం మొదలెట్టారు. రెండు వేల పైచిలుకు పోగులు. ఆయన కుడి చివర నుంచి, ఆవిడ ఎడమ చివర నుంచి. జారకుండా వేళ్ళకి బూడిద అద్దుకోవడం, పాత పోగుకి కొత్త పోగు కలిపి వేళ్ళతో మెలిపెట్టడం. మళ్ళీ అద్దుకోవడం, మళ్ళీ మెలిపెట్టడం. మూడో రోజు పొద్దు వాలేవేళకి ఇద్దరి వేళ్ళూ మధ్యలో తగిలాయి. ఆఖరి పోగు నువ్వంటే నువ్వనుకున్నారు. భద్రమ్మే అతికింది.

ఆనందయ్య ఇంట్లో దీపం వెలిగిస్తున్నారు. అప్పుడు మార్కండేయులు గుంటలో కాళ్ళు పెట్టి, కండె పెట్టిన నాడెని పోగుల మధ్య అటూ ఇటూ విసిరాడు. టక. టకటక. టకటకటక. ఆనందయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఒక్క నిమిషం విని, లోపలికి వెళ్ళి అన్నం తిన్నాడు. గుంట వీళ్ళదైంది.

కొత్త చీర మొదలయ్యే ముందు, ఆ పాత పోగులూ అతుకులూ ఒక జానెడు గుడ్డగా వస్తాయి. దాన్ని అందరూ కోసి పారేస్తారు. అది చీరకి పనికిరాదు. మార్కండేయులు కోశాడు. పారెయ్యలేదు. మడిచి నడుముకి కట్టుకున్నాడు. భద్రమ్మ చూసింది. ఈసారీ ఏమీ అనలేదు.

అదేమైందా? బొంత కొస ఇటు లాగు. ఆకుపచ్చ ముక్క కనిపిస్తోందా? వేలితో తడుము. గరుగ్గా ఒక వరస తగులుతోందా? అవే అతుకులు. అటువైపు ఉప్పునీళ్ళ ఊరు, ఇటువైపు మన ఊరు.

భద్రమ్మ మా అమ్మేలే. ఇంక కళ్ళు ముయ్యి.

కారు పోయింది సంతకి,
గంగాళం పోయింది పందిట్లోకి,
కర్రలు పోయాయి టీకొట్టుకి,
అతుకులొచ్చాయి బొంతకి,
కథ వెళ్ళింది కంచికి,
మనమొచ్చాం ఇంటికి.