కొత్వాలుగారికి విరుగుడు

మీసం ఎంత పొడుగైతే బుద్ధి అంత పొడుగని నమ్మే రాజ్యం ఒకటి ఉండేది. ఆ రాజధానిలో పేరిందేవి పూటకూళ్ళ ఇల్లు నడిపేది. ఆ పొయ్యి వెలిగితేనే ఆమెకు బతుకు.

ఒక మధ్యాహ్నం, ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చిన కొత్వాలు ప్రతాపసింగు ఆమె ఇంట విస్తరి ముందు కూర్చున్నాడు. తెలుగు భోజనం అతనికదే మొదలు.

"ఏది ఎలా కలుపుకోవాలో చెప్పమంటారా, బాబుగారూ?" అంది పేరిందేవి.

"తినడం కూడా నాకు ఆడది నేర్పాలా?" అని గుర్రుమని, విస్తరి మూలనున్న ఆవకాయను గుప్పెడు తీసి నోట్లో కుక్కుకున్నాడు.

మరుక్షణం కళ్ళలోంచీ ముక్కులోంచీ నీళ్ళు ధారకట్టాయి. మీసం తడిసి వేలాడింది. "విషం! ఈ ఇంటికి తాళం వెయ్యండి!" అని భటుల మీద అరిచాడు.

కాదంటే వినే ఘటం కాదని పేరిందేవికి తెలుసు. "విషమే, బాబుగారూ. విరుగుడు నా దగ్గరుంది. వైద్యం కనుక చెప్పినట్టు చెయ్యాలి మరి," అంది.

కొత్వాలు పసిపిల్లాడిలా తలూపాడు.

"వేడన్నంలో ముద్దపప్పు, పైన ఇంత నెయ్యి. అందులో ఆ విషమే ఉసిరికాయంత కలపండి. ఊఁ, మింగండి."

మొదటి ముద్దకు ఏడుపు ఆగింది. మూడో ముద్దకు కళ్ళు అరమోడ్పులయ్యాయి. మందు మళ్ళీ మళ్ళీ వడ్డించుకుని, వేళ్ళు కూడా నాకాడు.

ఈలోగా భటుడు తాళం పట్టుకొచ్చాడు.

"ఇక పొయ్యి ఆర్పేయమంటారా, బాబుగారూ?" అని పేరిందేవి వినయంగా అడిగింది.

కొత్వాలు భటుడి మీద ఇంతెత్తున లేచాడు. "బుద్ధుందా నీకు? సాయంత్రం మోతాదు ఎవరిస్తార్రా, మీ నాన్నా?"