తప్పిన పేజీ

"తండ్రీ, చట్టం పెద్దదా, దయ పెద్దదా?" అని అడిగాడు గెర్వేజ్. పారిస్‌లో ధర్మశాస్త్రం చదివి కొత్తగా మఠానికి వచ్చిన సన్యాసి అతను. జవాబు సిద్ధంగా పెట్టుకునే అడిగాడని నా అనుమానం.

ఆర్చిబిషప్ ఓస్బర్ట్ ఇలాంటి వాటికి వాదన పెట్టుకునే మనిషి కాదు. నేతగాడి ఇంట పుట్టి, మఠంలో అక్షరాలు దిద్ది, ఇంగ్లండు రాజు కొలువులో మంత్రిగా చట్టాలు రాసి, చివరికి ఆ రాజునే ఎదిరించి తొమ్మిదేళ్లు పరదేశంలో తలదాచుకున్నాడు. డెబ్బయ్యో ఏట రాజు మనసు మారితే తిరిగి వచ్చి పీఠమెక్కాడు. వాదనలంటే ఆయనకు మొహం మొత్తిపోయింది. "కీర్తనల పుస్తకం తీసుకుని నాతో రా," అన్నాడు.

ఆ ఉదయం న్యాయస్థానంలో వాట్ అనే గొర్రెల కాపరికి ఉరిశిక్ష వేశారు. యజమాని పొట్టేలును కోసి ఆకలితో ఉన్న బిడ్డలకు పెట్టాడు. అయితే చట్టంలో ఒక సందు ఉంది. చదువు వచ్చినవాణ్ణి చర్చి మనిషిగా ఎంచి, ఉరి తప్పించి చర్చికి అప్పగించాలి. ఆ నియమం రాసింది ఓస్బర్టే. ముద్దాయి చేత కీర్తన చదివిస్తారు; చదివాడో లేదో చర్చి పెద్ద చెప్పాలి; ఆ రోజు ఆ పని ఓస్బర్ట్‌ది. చదివించేది ఎప్పుడూ ఒకే కీర్తన, దేవుణ్ణి కనికరించమని వేడుకునేది. అందుకే చెరసాలలో అక్షరం ముక్క రానివాళ్లు కూడా దాన్ని ఒకరి నోట ఒకరు విని కంఠతా పట్టేవారు.

ఓస్బర్ట్‌కు చూపు ఆనదు. పాత పుస్తకమైతే వేలికొసతోనే ఆ పేజీ తీసేవాడు; ఇది కొత్తది. అలవాటు కొద్దీ తెరిచి వాట్ ముందు పెట్టాడు. పక్కనున్న గెర్వేజ్ పేజీ వైపు తొంగి చూశాడు. అది రాజుల విజయాన్ని పొగిడే కీర్తన.

వాట్ ఆ పేజీ మీదే వేలు పెట్టి కనికరపు కీర్తనను ముక్కలు ముక్కలుగా లాటిన్‌లో అప్పజెప్పాడు. అయిపోయాక, ఎవరూ అడగకుండానే, తన ఊరి మాటలో, "తప్పు చేసినా సామీ, నన్నొదిలెయ్యకు," అని బావురుమన్నాడు.

"తండ్రీ, పేజీ తప్పింది. వీడు చదవలేదు," అన్నాడు గెర్వేజ్ గురువు చెవిలో. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు గానీ, పాపం, అతను చెప్పింది నిజమే.

"చదివాడా?" అని న్యాయాధిపతి ముందుకు వంగాడు. అబద్ధమని బయటపడితే ముసలాయనకు మళ్లీ పరదేశమే గతి. నిజం చెబితే మధ్యాహ్నానికల్లా వాట్ ప్రాణం పోతుంది.

"చదివాడు," అని ఓస్బర్ట్ పుస్తకం మూశాడు. భటులు వాట్ సంకెళ్లు విప్పారు.

మఠానికి తిరిగి వస్తుంటే గెర్వేజ్‌కు దుఃఖం ఆగలేదు. "మీరు రాసిన చట్టమే గదా తండ్రీ! మీ నోటితోనే అబద్ధమా?"

ఓస్బర్ట్ నడక ఆపలేదు. "నలభై ఏళ్లుగా ఆ కీర్తన రోజూ సరైన పేజీ తీసే అంటున్నాను, నాయనా," అన్నాడు. "దాన్ని నిజంగా ఒకరు చదవగా ఇవాళే విన్నాను."