చౌడమ్మ మూడో డిస్కు

చెప్పగా చెప్పగా అరిగిపోకుండా మిగిలిన మాట ఇది. ఏ సంవత్సరం నాటిదో ఎవరూ చెప్పలేరు. కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్లే రోజులవి. అంతవరకే తెలుసు.

ఆ రోజుల్లో ఏటిగట్టు కింద అచ్చులపాలెం అని ఒక ఊరుండేది. ఊరంటే మూడు వీధులు. మూడు వీధుల్లోనూ మగ్గాలే. ఆ ఊళ్లో చౌడమ్మ అనే ఆవిడకు మాత్రం సొంత మగ్గం లేదు. నేతగాళ్ల సంఘం వరండాలో కూచుని రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. పిలిస్తే లేచేది, పిలవకపోతే చుట్టేది.

సంఘం దగ్గర నాలుగు వందల పన్నెండు చీర అంచుల డిజైన్లుండేవి. తాతలూ ముత్తాతలూ గళ్ల కాగితాల మీద చుక్క చుక్కగా నింపిపెట్టినవి. వాటికి చెదలు పట్టింది. పెద్దలు పట్నం నుంచి కంప్యూటరు తెప్పించి అన్నిటినీ అందులోకి ఎక్కించారు. ఎక్కించాక ఆ కాగితాలను పసుపు గుడ్డలో కట్టి, మేళంతో తీసుకెళ్లి ఏట్లో కలిపారు. చిరిగిన దేవుడి పటాలను కలుపుతామే, అలాగే. అది తప్పని ఎవరికీ అనిపించలేదు. మర్యాద అనుకున్నారు.

కంప్యూటరు బిగించినవాడి పేరు మస్తాన్. దాన్ని ఎలా కాపాడుకోవాలో నేర్పడానికి మూడు రోజులున్నాడు. సంఘం పెద్దలు మొదటి రోజు విన్నారు. రెండో రోజు ఆవలించారు. మూడో రోజు అసలు రాలేదు.

"ఇప్పుడు నేనెవరికి చెప్పను?" అన్నాడు మస్తాన్ ఖాళీ బల్లలు చూసి.

"నేను లేనా బాబూ?" అంది వరండాలోంచి చౌడమ్మ. "చేతులకే పని. చెవులు ఖాళీగానే ఉన్నాయి. మొన్నటివీ నిన్నటివీ విన్నాను."

"ఏం విన్నారో చెప్పండి పిన్నిగారూ."

"కంప్యూటరు ఆపే ముందు లోపల ఇంకెవరైనా పనిలో ఉన్నారేమో అడిగి చూడాలి. ఇది మొదటి రోజుది. అందులోకి వెళ్లడానికి ఎవరి తాళం వాళ్లకే ఉండాలి, అన్ని తలుపులూ తీసే పెద్ద తాళాన్ని అవసరమైతే తప్ప ముట్టకూడదు. ఇది రెండో రోజుది."

మస్తాన్ చాప లాక్కుని ఆవిడ ఎదుట కూచున్నాడు. "మూడోది ఇదీ. నకళ్లు తీయాలి. మూడు డిస్కులు ఇస్తాను. రెండు ఇక్కడుంచండి. మూడోది వేరే కప్పు కింద ఉండాలి. ఇంకో మాట. తిరిగి చదివి చూడని నకలు నకలు కాదు."

చౌడమ్మ రాట్నం ఆపింది. మగ్గం మీది నిలువు పోగుల పడుగు అయిపోవచ్చినప్పుడు నేతగాడు దాన్ని మొదలంటా కోయడు. మగ్గం మీద మూరెడు వదిలి కోస్తాడు. కొత్త పడుగులోని ఒక్కో పోగునూ ఆ పాత పోగుకు మెలిపెట్టి అతుకుతాడు. వేల పోగులు, వేల మెలికలు. ఆ మూరెడూ లేకపోతే మళ్లీ మొదటి పోగు నుంచి మొదలుపెట్టాలి. నేత చూడనివాళ్లకు ఇదంతా చాదస్తంలా ఉంటుంది గానీ, చూసినవాళ్లు ఆ మూరెడు గుడ్డను కాలితో తొక్కరు.

"మూరెడు వదలమంటావు. అంతేగా?" అంది చౌడమ్మ.

"అంతే పిన్నిగారూ," అన్నాడు మస్తాన్. అంటూనే దణ్ణం పెట్టాడట.

ఆవిడకు ఇంగ్లీషు అక్షరాలు రావు. కంప్యూటరుకు ఇవ్వాల్సిన ఆజ్ఞలను గళ్ల కాగితం మీద అంచుల్లాగా చుక్కలతో నింపుకుంది. ఏ గడి తర్వాత ఏ గడి అని చూసుకుంటూ మీటలు నొక్కేది. సంఘం అధ్యక్షుడు వీరభద్రం అది చూసి, "గది ఊడ్చేది ఎలాగూ నువ్వే, పెట్టెను కూడా నువ్వే చూసుకో," అని పెద్ద తాళం ఆవిడకే వదిలేశాడు.

ప్రతి పున్నమికీ చౌడమ్మ తన ఇంటి బియ్యపు డబ్బా వెనక నుంచి మూడో డిస్కు తెచ్చేది. అందులో ఉన్నదాన్ని కంప్యూటరులో ఒక ఖాళీ మూలకు దించేది. మూడు డిజైన్లు తెరిచి చూసేది. కొత్త నకలు తీసి మళ్లీ ఇంటికి తీసుకెళ్లేది.

"చౌడమ్మ డిస్కుకు తలంటు పోస్తోందర్రా!" అని మగ్గాల దగ్గర నవ్వుకునేవాళ్లు.

"మీకూ పోస్తాను, రండి," అనేది ఆవిడ.

అలా ఏళ్లు గడిచాయి. ఒక దసరా వచ్చింది. ఆ వీధుల్లో దసరాకు పనిముట్లన్నీ పీట మీద చేర్చి పూజ చేస్తారు. పేక పోగును అటూ ఇటూ మోసే నాడెలు, పడుగు పోగులను విడదీసే అచ్చులు, కత్తెరలు, అన్నీ. ఆ ఏడు వీరభద్రానికి కంప్యూటరును కూడా పూజలో పెట్టాలనిపించింది. వెలుగుతూ ఉంటేనే కళ అన్నాడు. రెండు డిస్కులనూ దానికి తగిలించి దండలు వేశారు.

"మూడోది ఏది చౌడమ్మా?"

"అది రాదన్నయ్యగారూ. అది వేరే కప్పు కింద ఉండాలి. ఈ పెట్టె కరెంటు కూడా తీసేయించండి, నీళ్లు చల్లుతారు."

"అమ్మవారి ముందు పెట్టడానికి నీకు మనసు రాలేదా? సంఘం వస్తువు దాచుకున్నదే కాక, పండగ పూట నాకు పాఠాలా?"

జనమంతా చూస్తున్నారు. చౌడమ్మ బతికేది సంఘం పని మీదే. అది పోతే మళ్లీ పెట్టె ముఖం చూడనివ్వరు. అయినా కదల్లేదు.

"రెండు తెచ్చాను. మూడోది రాదు," అంది.

"అయితే నువ్వూ రావద్దు. పో!"

ఆవిడ మెట్లు దిగింది. వీధి మలుపు తిరగకముందే వెనక కొబ్బరికాయ కొట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత టప్‌మని ఇంకో చప్పుడు. కొబ్బరినీళ్లు పెట్టె కన్నాల్లోంచి లోపలికి కారాయి. పెట్టె పోయింది. దానికి తగిలించి ఉన్న రెండు డిస్కులూ దాంతోపాటే పోయాయి. మగ్గాల మీద ఆ రోజు నడుస్తున్న డిజైన్లు ఏడు. మిగతావన్నీ ఆ పొగలోనే.

సంఘం కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, డిస్కు తీసుకుని రమ్మంటున్నారు."

"ఆ గది ఆరిందా?"

"లేదు."

"అయితే రాను."

మర్నాడు గుమాస్తా వచ్చాడు. "గది ఆరింది, రండి."

"కొత్త పెట్టె వచ్చిందా?"

"పాతదాన్నే ఎండబెట్టారు. తగిలించి చూద్దామంటున్నారు."

"అయితే రాను. ఉన్నది ఒక్కటే."

మూడోసారి వీరభద్రమే వచ్చాడు. గుమ్మం బయట నిలబడి తల దించుకున్నాడు. "గది ఆరింది. కొత్త పెట్టె వచ్చింది. నువ్వు రా చౌడమ్మా."

ఆవిడ డిస్కును కొంగులో చుట్టుకుని బయలుదేరింది. మూడు వీధుల్లోనూ మగ్గం చప్పుడు లేదు. ఆ ఊళ్లో పుట్టినవాళ్లెవరూ అంతకుముందు అంత నిశ్శబ్దం వినలేదు. జనం దారి ఇచ్చారు. ఆవిడ వెళ్లి గళ్ల కాగితం తొడ మీద పరుచుకుంది.

"చూపించు, చూపించు," అన్నారు అందరూ.

"ముందు దీనికి ఇంకో నకలు తీయాలి. చూడ్డం తర్వాత."

పొద్దు నడినెత్తికి వచ్చింది. పడమటికి వాలింది. ఒక్కరు కూడా కదల్లేదు. అప్పుడు చౌడమ్మ మీట నొక్కింది. తెర మీద హంసలు బారు తీరాయి. అందులో ఒక హంస మాత్రం వెనక్కి తిరిగి చూస్తోంది.

వీరభద్రం గోడ పట్టుకున్నాడు. "ఇది మా తాత వేసింది. ఆ హంస ఆయన చేసిన పొరపాటు. అది కూడా వచ్చింది చౌడమ్మా."

"పొరపాటుతో సహా రాకపోతే అది నకలు కాదన్నయ్యగారూ," అంది చౌడమ్మ.

నాలుగు వందల పన్నెండూ వచ్చాయి. ఒక్కటి తగ్గలేదు.

తర్వాత ఎన్నేళ్లకో చౌడమ్మ పోయింది. ఆ కంప్యూటర్లూ పోయాయి, ఆ డిస్కులూ పోయాయి. ఇప్పటి పిల్లలకు డిస్కంటే ఏమిటో చెప్పాలి. కానీ ఆ మూడు వీధుల్లో నేటికీ దసరాకు పనిముట్లన్నీ పీట ఎక్కవు. ప్రతి ఇంటివాళ్లూ ఒక నాడెను ముందురోజే పక్కింట్లో ఇచ్చి వస్తారు. దానికి బొట్టు పెట్టరు, దండ వెయ్యరు. హారతికి ముందు ఇంటి పెద్ద వీధి గుమ్మంలోకి వచ్చి, "మూడోది ఎక్కడుంది?" అని గట్టిగా అడుగుతాడు.

"మా ఇంట్లో భద్రంగా ఉంది," అని పక్కింటావిడ బదులు చెబుతుంది.

ఆ మాట వినబడేదాకా ఆ వీధుల్లో ఎవరూ కొబ్బరికాయ ఎత్తరు. అమ్మవారు కూడా అంతవరకూ ఆగుతుందని చెబుతారు.