అంకమ్మ చూసిన జంట గీత

అనగనగా ఓ కొండ. కొండ మీద ఏనుగంత దుర్భిణి. కొండ కింద మగ్గాల ఊరు. ఆ ఊళ్ళో అంకమ్మ అని ఒకావిడ చీరలు నేసేది. ఆవిడ వేళ్ళు ఎంత పనిమంతులనుకున్నావు బుజ్జమ్మా! కళ్ళు మూసుకుని కూడా తెగిన పోగు వెతికి ముడేసేది.

ఆ తర్వాత మగ్గం మూలపడింది. అప్పుడు అంకమ్మ పనికోసం కొండెక్కింది. అక్కడ వైదేహి అని పెద్ద చదువుల మేడం ఉండేది. మంచిదే గానీ కోపం ముక్కు మీదుండేది.

ఆకాశంలో ఎక్కడో దూరాన చుక్కల ఊళ్ళున్నాయి. చదువుకున్నవాళ్ళు గెలాక్సీలంటారు. వాటి వెలుగు మన దాకా వచ్చేలోపు సాగిపోతుంది. ఆ వెలుగుని రంగులుగా విడదీస్తే మధ్య మధ్య గీతలు కనపడతాయి. సాగేకొద్దీ ఆ గీతలు ఎరుపువైపు జరుగుతాయి. ఎంత జరిగాయో కొలిస్తే, ఆ వెలుగు ఎప్పుడు బయల్దేరిందో తెలుస్తుంది. పసి గెలాక్సీలనీ ముసలి గెలాక్సీలనీ పక్కపక్కన పెట్టి, అవి ఎలా పుట్టి ఎలా పెరిగాయో చెప్పడం వైదేహి పని. ఎంత గొప్ప పనో చూడు!

మరి అంకమ్మ పనేమిటంటావా? ఒక పెద్ద అల్యూమినియం పళ్ళెం. దానికి ఆరువందల చిల్లులు. ఒక్కో చిల్లు ఒక్కో గెలాక్సీది. ప్రతి చిల్లులో వెంట్రుకంత గాజు పోగు గుచ్చాలి. ఆ పోగులోంచే వెలుగు దిగుతుంది. పగలు అంకమ్మ గుచ్చేది, రాత్రి ఆ పళ్ళేన్ని దుర్భిణికి బిగించేవారు. మర్నాటికి గీతలు కంప్యూటర్ తెర మీదికొచ్చేవి.

ఒకరోజు నాలుగువందల పన్నెండో చిల్లు పేచీ పెట్టింది. ఒకటే గీత వచ్చింది. వైదేహి దాన్ని చూసి, "ఎరుపులో ఒంటి గీతంటే హైడ్రోజన్‌ది, పుట్టిన రంగు నుంచి పెద్దగా జరగలేదు. అంటే ఇది దగ్గరి గెలాక్సీ. దగ్గరిదైతే ఫోటోలో ఇంత నలుసులా ఎందుకుంటుంది? పోగు వేరే చిల్లులో పెట్టావు అంకమ్మా!" అంది.

అంకమ్మ పోగులన్నీ తీసి మళ్ళీ గుచ్చింది. మర్నాడూ అదే గీత.

"ఇంకొక్కసారి చూస్తాను. ఈసారీ తప్పితే వేరేవాళ్ళని పెట్టుకుంటాను," అంది మేడం.

అంకమ్మ మళ్ళీ పళ్ళెం ముందు కూచుంది. పని పోతే పోయింది, నలభై ఏళ్ళ చేతికి తప్పు అంటగడితే ఎలా? మూడోసారి ఒక్కో పోగూ రెండేసిసార్లు చూసుకుంది. మూడోరోజూ అదే గీత!

అప్పుడు అంకమ్మ, "మేడంగారూ, ఆ గీతేదో నన్నోసారి చూడనివ్వండి," అంది. నిజానికి అన్నాళ్ళూ ఆవిడకెవరూ గీతలు చూపించనేలేదు. గుచ్చే మనిషికి చూడ్డమెందుకనుకున్నారు కాబోలు, తెలివితక్కువ కాకపోతే!

అంకమ్మ తెర దగ్గరికి వంగి చూసింది. "కొంచెం పెద్దది చెయ్యండి. ఇంకా. ఇంకా. ఇదిగో! ఇది ఒకటి కాదండీ, రెండు. చీర అంచులో రెండు పోగులు ఆనించి నేస్తే ఒకటిలాగే కనపడుద్ది."

వైదేహి గబగబా లెక్కలు వేసింది. ఆ తర్వాత అంకమ్మ వైపు తిరిగింది.

"అంకమ్మా, ఈ జంట గీత ప్రాణవాయువుది. కొత్త నక్షత్రాలు పుట్టేచోట వస్తుంది. కంటికి కనపడని రంగులో పుట్టి, సాగి సాగి ఎరుపులోకొచ్చింది. ఒంటి గీతనుకుని నేను పొరబడ్డాను. ఇది దగ్గరిది కాదు, ఎంతో దూరానిది. ఈ వెలుగు బయల్దేరేనాటికి మన భూమే పుట్టలేదు. తప్పు నాది. నీ చేతిది కాదు."

అంకమ్మకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. "భూమి పుట్టకముందు బయల్దేరిన వెలుగు నేను గుచ్చిన పోగులో దిగిందా అండీ?" అంటూ తన వేళ్ళకేసి చూసుకుంది.

"మూడుసార్లూ దిగింది," అంది వైదేహి.

ఆ రోజునుంచీ ఏ కొత్త గీత వచ్చినా, కొండ మీద మొదటి కుర్చీ అంకమ్మకే వేసేవారు. మేడం పక్కన నిలబడేది.

ఎరుపొచ్చె గీతకి,
పేరొచ్చె నేతకి,
కథ వెళ్ళె కంచికి,
కునుకొచ్చె కంటికి.