అచ్చియ్యమ్మ మొదటి ముద్ద

ఇటు జరుగు అమ్మలూ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఊఁ కొట్టకపోతే మాత్రం మధ్యలో ఆపేస్తా, ముందే చెబుతున్నా.

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ పక్కన కొబ్బరితోటల్లో, పల్లయ్య అని తాళ్ళు పేనేవాడు ఉండేవాడు. కొబ్బరిపీచు నానబెట్టడం, ఎండబెట్టడం, తాళ్ళు పేని అమ్ముకోవడం, ఇదే వాళ్ళ పని. అతని భార్య అచ్చియ్యమ్మ. వాళ్ళకి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కూతురి పేరు బుల్లెమ్మ. అచ్చం నీ అంతే ఉండేది, నీలాగే నోరూ ఎక్కువే.

అచ్చియ్యమ్మ మహా మంచిది. ఒట్టి పిచ్చిది కూడాను. తెల్లారకుండానే లేచి వండేది. మొగుడు తిన్నాక పిల్లలు, పిల్లలు తిన్నాక కోళ్ళు, కోళ్ళు కూడా తిన్నాక అప్పుడు తను. అప్పటికి కుండలో ఏం మిగులుతుంది? అడుగంటిన మెతుకులూ, ముక్కల్లేని పులుసూనూ. అదే పొయ్యి పక్కన నిలబడి రెండు ముద్దలు మింగేసి, మళ్ళీ పీచు దగ్గరికి పరిగెత్తేది.

"నువ్వు తినవేంటమ్మా?" అని బుల్లెమ్మ అడిగితే, "నాకాకలి లేదే" అనేది. అబద్ధం! ఎంత అబద్ధమో! పొద్దుగూకులూ చాకిరీ చేసే మనిషికి ఆకలెయ్యకుండా ఉంటుందా, నువ్వే చెప్పు. ఇంట్లోవాళ్ళు మాత్రం నిజమే కాబోలు అనుకున్నారు. అలా ఏళ్ళు గడిచిపోయాయి.

ఒకరోజు పొద్దున్నే పీచుమోపు ఎత్తబోయి అచ్చియ్యమ్మ కళ్ళు తిరిగి కూలబడింది. మొహాన నీళ్ళు కొడితే లేచి, "ఎండ దెబ్బ" అంది. పొద్దున్నే ఎండేమిటే నా తల్లీ! ఆ తర్వాత వారానికి నూతి దగ్గర పడింది. ఆ తర్వాత మూడోసారి ఏకంగా కాలవగట్టు మీదే పడింది. ఇంకొక్క అడుగు అటు వేసుంటే నీళ్ళలోకే! బుల్లెమ్మ అమ్మని గట్టిగా వాటేసుకుని, "అమ్మ చచ్చిపోతుంది నాన్నా, అమ్మ చచ్చిపోతుంది" అని ఒకటే ఏడుపు. 

అప్పుడు అచ్చియ్యమ్మని కాలవ దాటించి మాణిక్యాలమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. మాణిక్యాలమ్మంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళకి మందులిచ్చే ముసలావిడ. మాట కటువు, మనసు వెన్న. ఆవిడ అచ్చియ్యమ్మ కళ్ళు చూసింది, నాలిక చూసింది, పాలిపోయిన గోళ్ళు చూసింది.

"పొద్దున్న ఏం తిన్నావే?" అని అడిగింది.

"తిన్నాను మామ్మగారూ."

"ఏం తిన్నావంటే తిన్నానంటావేమే!" అని కసిరింది. కసిరి, ఒక పొట్లం చేతిలో పెట్టి, "ఈ పొడి వేడన్నంలో కలుపుకుని తిను. కుండలోంచి తీసిన మొదటి ముద్ద నీదే అవ్వాలి. లేకపోతే మందు పనిచెయ్యదు" అని చెప్పింది.

అచ్చియ్యమ్మ చెప్పినట్టే చేసింది. ఆఁ, చేసింది! పొయ్యి దగ్గర నిలబడి ఒకే ఒక్క ముద్ద నోట్లో వేసుకుని, మిగిలినదంతా మామూలే. వారం తిరిగేసరికి మనిషి అలాగే ఉంది.

ఆ తర్వాత రెండోసారి వెళ్ళారు. "నిలబడి తింటే ఈ మందు ఒంటబట్టదు. పీట వేసుకు కూర్చుని తినాలి. ఇంకోమాట, పొట్లాలు కట్టి ఇవ్వను. రోజూ పొద్దున్నే నువ్వే నడిచొచ్చి పట్టుకెళ్ళు" అంది మాణిక్యాలమ్మ. సరేనని రోజూ లేత ఎండలో నడిచెళ్ళేది. పక్కింటి సుబ్బులు కూడా తోడొచ్చేది. ఇద్దరూ ఆ మాటా ఈ మాటా చెప్పుకుంటూ వెళ్ళొచ్చేసరికి అచ్చియ్యమ్మ మొహం కాస్త విచ్చుకునేది. కానీ పీట మీద కూర్చోగానే ఒకడు మజ్జిగంటాడు, ఒకడు ఉప్పంటాడు. ఈవిడ లేవడం, ముద్ద చల్లారడం.

అప్పుడు మూడోసారి మాణిక్యాలమ్మ మొగుణ్ణీ పిల్లల్నీ కూడా రమ్మంది. వరసగా కూర్చోబెట్టింది.

"ఈ మందుకి పథ్యం ఉందిరా పల్లయ్యా. పథ్యం దానికి కాదు, మీకు. రోజూ అందరూ కలిసే కూర్చోవాలి. అది కడుపునిండా తిని లేచేదాకా దాన్ని ఎవరూ లేపకూడదు. ఉప్పు కావాలంటే మీరే లేవండి. ఒక్కడు పథ్యం తప్పినా మందు వికటిస్తుంది, ఆ తర్వాత నన్నని లాభం లేదు" అంది.

అమ్మో, హడలిపోయారు! మర్నాడు పెద్దాడు అన్నం వడ్డించబోయి చెయ్యి కాల్చుకున్నాడు. చిన్నాడు పప్పు గిన్నె తలకిందులు చేశాడు. పల్లయ్య మజ్జిగ పోయబోయి తన ఒళ్ళోనే పోసుకున్నాడు. అది చూసి అచ్చియ్యమ్మ నవ్వింది చూడూ, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అమ్మ అంతలా నవ్వుతుందని పిల్లలకి అప్పటిదాకా తెలియదు, పాపం.

అలా మూడు నెలలు గడిచాయి. గోళ్ళకి ఎరుపొచ్చింది. పీచుమోపు అవలీలగా ఎత్తేస్తోంది. బుల్లెమ్మ కూడా అమ్మ కొంగు వదిలి ఆటలకి వెళ్ళడం మొదలెట్టింది.

ఒకరోజు మందుకి వెళ్ళేసరికి మాణిక్యాలమ్మ మూటాముల్లే సర్దుకుంటోంది, కూతురి పురుడికి వెళ్ళాలట. అచ్చియ్యమ్మ ఆవిడ చెయ్యి పట్టేసుకుంది. "మామ్మగారూ, మీరు లేకపోతే నా మందో? మళ్ళీ పడిపోతానేమో!" అంది.

"నీ పెరట్లో కరివేపాకు, నీ వంటింట్లో శొంఠీ, వామూ. అదేనే ఆ పొడి" అంది ముసలావిడ తాపీగా.

అచ్చియ్యమ్మకి ఎక్కడలేని కోపమొచ్చింది. "ఇన్నాళ్ళూ నన్ను మోసం చేశారా?"

"మరి ఇన్నేళ్ళూ ఆకలి లేదని చెప్పి నీ పిల్లల్ని నువ్వు మోసం చెయ్యలేదూ?"

అచ్చియ్యమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. దారిపొడుగునా ఆలోచించుకుంటూ ఇంటికొచ్చి, జరిగిందంతా చెప్పింది. చెప్పి, "మందే కాదట కదా, ఇంక పథ్యాలెందుకు? మీరు కూర్చోండి, నేను వడ్డిస్తా" అని గరిట పట్టుకుంది.

ఒక్కళ్ళూ కూర్చోలేదు. పల్లయ్య ఆవిడ చేతిలోంచి గరిట తీసుకున్నాడు. పెద్దాడు పీట వేశాడు. చిన్నాడు కంచం పెట్టాడు. "నువ్వు కూర్చుంటేనే మేము" అంది బుల్లెమ్మ.

అప్పుడు అచ్చియ్యమ్మ కూర్చుంది. అందరూ కూర్చున్నారు. సగం తిన్నాక ఆవిడ కంచం వంక చూసి, కూతురి వంక చూసి, కాస్త సిగ్గుపడుతూ, "బుల్లెమ్మా, నాకింకాస్త అన్నం వెయ్యవే, ఆకలిగా ఉంది" అంది.

ఆ ఇంట్లో ఆ మాట ఆవిడ అనడం అదే మొదలు. బుల్లెమ్మ ఏడుస్తూ వడ్డించింది. సంతోషమే, ఆ ఏడుపు.

ఇదిగో, అప్పుడే కళ్ళు మూసేయకే దొంగపిల్లా! మీ అమ్మ ఇంకా వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. అది నా కూతురు, నాకు తెలుసు దాని సంగతి. లేచి వెళ్ళి చూసిరా, తిందో లేదో. తినకపోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టు, తినేదాకా పక్కనే ఉండు.

అది తిన్నాకే కథ కంచికి, కునుకు మన ఇంటికి.